అడ్డంగా రహదారులు, నిలువుగా ప్రయాణాలు

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 262 కిలోమీటర్లు. 2022 మే 26న ప్రధాని శంకుస్థాపన చేసిన ఈ దారిలో సుమారు 85 కిలోమీటర్లు చిత్తూరు జిల్లాలోనే ఉంది. హొసకోటె నుంచి కర్ణాటక భాగం 2024 చివర్లో వాహనాలకు తెరుచుకుంది. మాలూరు, కేజీఎఫ్‌ల మీదుగా బెంగళూరు తూర్పుకు పెరుగుతోంది. పలమనేరును ఆనుకుని ఉన్న గంగవరం పొలాలకు ఆ నగరం ఇక దూరం కాదు.

కానీ ఈ రోడ్డు రెండు మహానగరాల అవసరం కోసం పుట్టింది. నిర్ణీత కూడళ్ల దగ్గర తప్ప ఎక్కలేరు, దిగలేరు. ట్రాక్టరుకూ మోటారు సైకిలుకూ ఇలాంటి దారుల్లో చోటుండదు.

మరి ఇక్కడి జనం నిత్యం తిరిగేది ఎటు? చాలావరకు ఉత్తర దక్షిణాలుగా. టమాటా రైతు చూపు మదనపల్లె మార్కెట్ మీద. పెద్ద వైద్యం కావాలంటే కుప్పం పీఈఎస్ ఆసుపత్రి. ద్రావిడ విశ్వవిద్యాలయమూ కుప్పంలోనే. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పాలను కలిపి కృష్ణగిరి దాకా వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారే ఈ ప్రాంతానికి వెన్నెముక. భారీ పెట్టుబడులేమో తూర్పు పడమరలుగా పారుతున్నాయి.

రైలు సంగతి చెప్పాలంటే బాధే. కుప్పానికి బెంగళూరు–జోలార్‌పేట లైను ఉంది. మదనపల్లెకు ఊరికి దూరంగా, ధర్మవరం–పాకాల మార్గంలో ఒక స్టేషను. నడుమనున్న పుంగనూరు, గంగవరం, పలమనేరులకు పట్టాలే లేవు. కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకు 2008–09లో మంజూరైన కొత్త లైను కడప దగ్గరి పెండ్లిమర్రి చేరడానికే ఏళ్లు పట్టింది.

కాబట్టి రాబోయే ఇరవై ముప్పై ఏళ్ల ప్రణాళిక బస్సుతోనే మొదలు కావాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. అది గొప్ప మేలు. అయితే ఉచిత టికెట్టు విలువ బస్సు వచ్చినప్పుడే తెలుస్తుంది. పైగా అంతర్రాష్ట్ర సర్వీసులకు ఆ పథకం వర్తించదు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలలో కూలికీ చదువుకీ సరిహద్దు దాటడం మామూలు విషయం. కర్ణాటక, తమిళనాడు రవాణా సంస్థలతో కూర్చుని మాట్లాడకుండా ఇక్కడ ఏ ప్రణాళికా పూర్తి కాదు.

ఎవరు కూర్చోవాలి? పలమనేరు–కుప్పం–మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ 2019లో ఏర్పడింది. ఈ పట్టణాలను ఒకే ప్రాంతంగా చూడాలన్న మంచి ఆలోచన అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. కుప్పం పనులను కుప్పం ప్రాంత అభివృద్ధి సంస్థ ‘కడా’ విడిగా చూస్తోంది. ఒకే రోడ్డు మీది ఊళ్లు వేర్వేరు కార్యాలయాల పాలయ్యాయి. ఎక్స్‌ప్రెస్‌వే కూడళ్ల చుట్టూ లేఅవుట్లు లేచాక బస్టాండుకు, లారీల నిలుపుదలకు, సరుకుల గోదాములకు జాగా ఎక్కడ దొరుకుతుంది? ఆ భూమిని ఇప్పుడే గుర్తించి పక్కన పెట్టాలి.

ఉన్న రోడ్లకు జనం ఇప్పటికే భారీ మూల్యం చెల్లించారు. 2024 సెప్టెంబరు 13న మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో పలమనేరు సమీపంలో, జగమర్ల క్రాస్ దగ్గర, వేగంగా వచ్చిన వాహనం తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. కౌండిన్య అభయారణ్యం పక్కన రోడ్డు గీసేవారు ఏనుగుల దారినీ అదే పటంలో గీయాలి. అవి రాత్రిళ్లు ఎక్కడ దాటుతాయో అడవి అంచు రైతులకు తెలుసు. గంగవరం, బైరెడ్డిపల్లె, వి.కోట మండలాల్లో సభలు పెట్టి వాళ్లను అడిగితే చెబుతారు. ఆ సభలు టెండర్ల తర్వాత కాక, ముందే జరగాలి.