ఐటీఐ మిగిలిపోయినవాళ్ల చదువు కాదు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మన ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "ఈ మార్కులకి నీకింకేం వస్తుందిరా, పోయి ఐటీఐలో చేరు!" ఎలక్ట్రీషియన్ ట్రేడంటే బుర్ర లేనివాడికి దొరికే చేతిపని అని మనం ఎప్పుడో తేల్చేసుకున్నాం. ఆ తీర్పు తప్పు. మన ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

ఆ ట్రేడులో చేరాలంటే పదో తరగతిలో లెక్కలు, సైన్సు చదివి పాసవ్వాలి. ఎందుకో ఒక్క గీజరును చూస్తే తెలుస్తుంది. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్నిబట్టి వైరు మందం, సాకెట్, ఎంసీబీ లెక్కగట్టాలి. ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది వైరును. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ సరిచూసుకుంటూ, తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి కరెంటు ఆపేస్తుంది. త్రీపిన్ ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూడండి. ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది. పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే చివర విడిపోవాలి. ఇదంతా చదువు కాక మరేమిటి?

కూలర్‌లో నీళ్లు పోస్తూ ఒకామె, ఇనుప దండెం మీద తడిబట్టలు ఆరేస్తూ ఇంకొకామె, పొలంలో స్టార్టర్ డబ్బా ముట్టుకుని ఒక రైతు. షాక్ కొట్టి చనిపోయారన్న ఇలాంటి వార్తలు చదివి తలరాత అనుకుంటాం, వైరింగ్ వైపు చూడం. నేను చూసిన ఒక కొత్త ఇంట్లో ప్రతి సాకెట్‌కీ ఆకుపచ్చ ఎర్తు వైరు ఉంది. అది మీటరు బోర్డు దాకా వచ్చి ఊరికే ఆగిపోయింది. బయట ఎర్తు గుంతే తవ్వలేదు. గ్రానైట్‌కు లక్షలు పోసినవాళ్లు, వైరింగ్ మాత్రం తక్కువకు ఒప్పుకున్నవాడికి ఇచ్చారు.

"మేస్త్రీ వెంట తిరిగితే పని అదే వస్తుంది, దానికి రెండేళ్ల చదువెందుకు?" అంటారు. చేతికి పని అలాగే వస్తుంది, నిజమే. కానీ అలాగే ఎందుకు చేయాలో చెప్పేవాళ్లు అన్నిచోట్లా ఉండరు. మెగ్గర్ పట్టుకుని ఇన్సులేషన్ పరీక్షించడం, మోటారు వైండింగ్ విప్పి మళ్లీ చుట్టడం ఐటీఐలో దగ్గరుండి నేర్పుతారు. పైగా దారి అక్కడితో ఆగదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు, కరెంటు కంపెనీల్లో జూనియర్ లైన్‌మన్‌కు ఆ సర్టిఫికెట్ అర్హత. ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోనూ చేరొచ్చు.

మన ఐటీఐలన్నీ బాగున్నాయని నేననను. పాత యంత్రాలతో, ఖాళీ ఇన్‌స్ట్రక్టర్ పోస్టులతో ఈడ్చుకొస్తున్నవి ఉన్నాయి. మన పిల్లల్ని పంపని చోటు కాబట్టే వాటి గురించి మనం ఎవరినీ నిలదీయలేదు.

ఈసారి అడ్మిషన్ల నోటిఫికేషన్ పడ్డప్పుడు, మంచి మార్కులు వచ్చిన మీ అమ్మాయి దగ్గరా అబ్బాయి దగ్గరా కూడా ఐటీఐ మాట ఒకసారి ఎత్తండి.