పోయొస్తా!

పిల్లలూ,

మా ఊరి పేరులోనే స్టేషను ఉన్నది. కోటగుళ్ళు ఉన్న ఘనపురం వేరు. అది భూపాలపల్లి జిల్లాలో ఉన్నది. మాది జనగామ జిల్లాలో, సికింద్రాబాదు నుంచి కాజీపేటకు పోయే రైలుదారి మీద ఉన్న స్టేషన్ ఘన్‌పూర్. స్టేషను ఉన్న ఊళ్ళో సాగనంపటాలు ఎక్కువ. అయితే ఎన్నేళ్ళుగా చూస్తున్నానో గాని, రైలెక్కేవాళ్ళు ఒక్కరూ "పోతున్నా" అనగా వినలేదు. "పోయొస్తా" అనే అంటారు. ఈ నెల మీకు ఆ మాట సంగతే చెపుతాను.

మా వాడకట్టులో ఒక రైతు కూతురు ఉన్నది. సెలవుల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకునేది. చురుకైన పిల్ల. ఆ అమ్మాయి అమెరికాలో ఒక సంవత్సరం చదివి రావటానికి ఎంపిక అయింది. డబ్బున్నవాళ్ళ బిడ్డ కదా అనుకునేరు! కాదు. కెన్నెడీ–లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ అనే పథకం ఒకటి ఉన్నది. 2001లో అమెరికా మీద జరిగిన దాడుల తరువాత, 2002లో అక్కడి ప్రభుత్వం దీన్ని నెలకొల్పింది. ఎంపికైన పిల్లల ఖర్చు ఆ పథకమే భరిస్తుంది. మన తెలంగాణ గురుకులాల పిల్లలు కూడా కొందరు ఇలా వెళ్ళివచ్చారు.

మన దేశంలో ఈ పథకాన్ని నడిపే సంస్థ ఏఎఫ్ఎస్. దాని పుట్టుక విచిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డవారిని ఆస్పత్రులకు చేరవేసిన అంబులెన్సు డ్రైవర్ల దళం అది. రెండవ ప్రపంచయుద్ధంలో కూడా వాళ్ళు ఆ పనే చేశారు. యుద్ధం ముగిశాక, "ఒక దేశపు పిల్లలు మరొక దేశపు ఇళ్ళలో కలిసి తిని, కలిసి పెరిగితే మంచిది కదా!" అని తలచి, 1947లో విద్యార్థులను ఇళ్ళకు పంపటం మొదలుపెట్టారు. గాయాలకు కట్టు కట్టించినవాళ్ళే, గాయాలు కాకుండా ఉండే ఉపాయం వెతికారన్నమాట.

మన అమ్మాయికి అయొవా రాష్ట్రంలో ఒక ఇల్లు దొరికింది. అక్కడ ఎటు చూసినా మక్కచేలే. "మా నాయన చేను ఇంత పెద్దదైనట్టు కల వచ్చిందేమో అనుకున్నా సార్!" అన్నది. ఆ ఇంటివాళ్ళు ఏడాదిపాటు గది ఇచ్చి, అన్నం పెట్టినందుకు ఒక్క పైసా తీసుకోలేదు. అక్కడ అలా పిల్లలను ఉంచుకునేవారికి జీతం ఉండదు.

ఆఖరి రోజు వచ్చింది. తెల్లవారగానే పెట్టె సమస్య. విమానంలో ఒక్కొక్క పెట్టె 50 పౌన్లు, అనగా సుమారు 23 కిలోలు దాటరాదు. ఇంట్లో మనుషులను తూచే కాటా తప్ప మరొకటి లేదు. ఏం చేసింది? పెట్టె పట్టుకుని కాటా ఎక్కింది: 163 పౌన్లు. పెట్టె దించి మళ్ళీ ఎక్కింది: 108. అంటే పెట్టె 55 పౌన్లు! అయిదు పౌన్లు తీసెయ్యాలి. ఆ ఇంటి తల్లి కొనిపెట్టిన చలికోటు బరువుగా ఉన్నది. దాన్ని తీసెయ్యటానికి పిల్లకు చేతులు రాలేదు. ఆ తల్లే పైకి తీసి, "ఇది కొక్కేనికే ఉండనీ. మళ్ళీ వచ్చే పిల్లకు పనికివస్తుంది," అన్నది.

మధ్యాహ్నం విమానాశ్రయంలో గడియారం 2 గంటలు చూపిస్తున్నది. అప్పుడే ఘన్‌పూర్ నుంచి ఫోను. ఇక్కడ రాత్రి 12:30! "బయలెల్లినవా బిడ్డా?" అని కన్నతల్లి గొంతు. ఎదురుగా ఏడాది సాకిన తల్లి కళ్ళనీళ్ళు. ఒక తల్లికి వస్తున్నానని చెప్పాలి, ఒక తల్లికి పోతున్నానని చెప్పాలి. పిల్లకు ఇంగ్లీషు మాటలు ఏవీ నోట రాలేదు. "పోయొస్తా అమ్మా," అనేసింది. అర్థం ఏమిటని ఆమె అడిగింది. "మా ఊళ్ళో పోతానని అనం. పోయి, తిరిగి వస్తానంటాం," అని చెప్పింది. ఆమె మాట్లాడలేక దగ్గరకు తీసుకున్నది.

ఇంటికి చేరిన వారానికి ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని నన్ను అడిగింది:

"సార్, నేను అబద్ధం ఆడిన్నా? ఈ పథకంలో పోయినోళ్ళు మన దేశంలో రెండేళ్ళు ఉంటే గాని, అక్కడ స్థిరపడే వీసాలు దొరకవట. ఆ తర్వాత చుట్టపుచూపుకు పోవాలన్నా టికెట్టు డబ్బులు మా నాయన తేగలడా? నేను మళ్ళీ పోతానో లేదో నాకే తెలియదు. మరి వస్తానని ఎందుకన్నా?"

పిల్లలూ, ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను గాని, ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తట్టలేదు. కొంచెం ఆలోచించి అన్నాను: "బిడ్డా, ఏడాది కింద మన స్టేషన్లో మీ అమ్మకు కూడా ఆ మాటే చెప్పినవు. అది నిలబెట్టినవు. రెండోది ఎప్పుడు కుదురుతుందో చెప్పలేం. కాని ఆమె కోటును ఏం చేసింది? వచ్చే పిల్ల కోసం ఉంచింది. ఆ ఇంటి బాకీ ఆ ఇంటికే తీర్చాలని లేదు."

పిల్ల ఏమీ అనలేదు. నా జవాబు నచ్చలేదు కాబోలు అనుకున్నాను.

చలికాలం వచ్చింది. ఏటా ఆ రోజుల్లో ఇటుకబట్టీల పనికి ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. ఒకనాటి సాయంత్రం ఈ అమ్మాయి ఎనిమిదేళ్ళ పిల్లను చేయి పట్టుకుని మా అరుగెక్కింది. ఆ చిన్నదాని ఒంటి మీద వేలాడుతున్న స్వెట్టరు ఎవరిదో నేను గుర్తుపట్టాను.

"సార్, ఈ పిల్లకు తెలుగు రాదు. బళ్ళో ఎవరితోనూ కలవటం లేదు. లెక్కలు మాత్రం బాగా వచ్చు. రోజూ తీసుకురానా?" అన్నది.

తీసుకురమ్మన్నాను. చీకటిపడ్డాక ఇద్దరూ లేచారు. చిన్నది గడప దగ్గర ఆగి, పెద్దదాని ముఖం చూసి, కూడబలుక్కుని అన్నది: "పోయొస్తా!"

మరునాడు వచ్చింది కూడా.

ఇక మీకు ఒక లెక్క. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన గడియారాలు తూర్పు 82½ డిగ్రీల రేఖను బట్టి, అయొవా గడియారాలు పడమటి 90 డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి. అయితే తేడా ఎన్ని గంటలు రావాలి? విమానాశ్రయంలో మాత్రం 10½ గంటలే ఎందుకు వచ్చింది? చిన్న సూచన: వేసవిలో అక్కడివాళ్ళు గడియారాలను ఏం చేస్తారో మీ సైన్సు మాస్టారిని అడగండి.

ఉంటాను మరి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.