సందు చాలకపోతే స్పేసరేనా?

"మధ్యలో ఒక స్పేసర్ పడేస్తే సరిపోతుందిగా!"

ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు. టెక్సాస్‌లో ఉండే ఫ్రెండొకడు (వాడూ మనలాగే కోడు రాసుకు బతికేవాడే) గరాజ్‌లో ఆర్‌వీ-7 విమానం కట్టుకున్నాడు. అక్కడ అది చట్టబద్ధమే, సగానికి పైగా పని ఔత్సాహికులే చేసుంటే చాలు. మొన్న ఫోటో పంపాడు. ప్రొపెల్లర్ ముందుండే ముక్కు టోపీ, అదే స్పిన్నర్, ఇంజిన్ మీది ఫైబర్‌గ్లాస్ తొడుగు (కౌలింగ్) కింది అంచుని గీరేసింది. అక్కడ పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్లకి కాస్త పైన, సందు వదిలాడట.

వాడి చుట్టూ ఉన్న మనోళ్ళంతా ఏకగ్రీవంగా ఇచ్చిన సలహా, ప్రొపెల్లర్‌ని అరంగుళం ముందుకు జరపమని!

నల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా నల్ చెక్ పెట్టేసే జాతి కదా మనది. కానీ ఇక్కడ ముందుకు జరిగేది సుమారు పాతిక కిలోల లోహం. నిమిషానికి 2,700 సార్లు తిరిగేది. దాన్ని ఎంత ముందుకు తోస్తే క్రాంక్‌షాఫ్ట్ మీద వంపు అంత పెరుగుతుంది, గరిమనాభి కూడా ముందుకు పోతుంది. పైగా వాడిది పిచ్ మారే రకం. క్రాంక్‌షాఫ్ట్ లోంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితోనే పిచ్ మారుతుంది. మధ్యలో బిళ్ళ దూరిస్తే ఆ ఆయిల్ సంగతి ఎవరు చూస్తారు? డిజైన్‌లోనే స్పేసర్ ఉన్న విమానాలున్నాయి, కాదన్ను. అది లెక్కేసి పెట్టింది. ఇది తోచి పెట్టేది.

అసలు సందు ఎందుకు పోయింది? ఇంజిన్ కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. కొత్తలో గట్టిగానే ఉంటాయి, పోనుపోను కుంగుతాయి. ముక్కు కిందికి వాలుతుంది, స్పిన్నర్ కింది అంచు కౌలింగ్ వైపు జరుగుతుంది. గీత కిందే పడిందంటే దోషి ఎవరో తెలుస్తూనే ఉంది కదా! కింది దిమ్మల దగ్గర తగిన వాషర్లు వేస్తే ముక్కు లేస్తుంది. దిమ్మలు మరీ చచ్చిపోతే కొత్తవి వెయ్యాలి. అప్పటికీ తగిలితే కోయాల్సింది కౌలింగ్‌ని. ఫైబర్‌గ్లాస్‌ని గీకొచ్చు, మళ్ళీ అతికించొచ్చు. క్రాంక్‌షాఫ్ట్‌కి ఆ సదుపాయం లేదు.

ఇంకో సంగతి. మావాడు సందు కొలిచింది ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు! నా మెషీన్‌లో పనిచేస్తోంది అనడం లాంటిదే ఇదీ. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఆ రబ్బరు మీద ఇంజిన్ ఎలా ఊగుతుందో చూసినవాడెవడూ ఆగి ఉన్న కొలతని నమ్మడు.

వాషర్లు వేశాట్ట. ఇంజిన్ ఆపేటప్పుడు, దూరంగా నిలబడి, వీడియో తీసి పంపమన్నాను. ఇంకా పంపలేదు.