కొట్టకండి, ముక్క పెట్టండి

పై అంతస్తులో కుక్కపిల్ల కుయ్యోమంటే నాకు ముద్ద దిగదు. గచ్చు మీద ఉచ్చ పోసిందని దాని మూతి పట్టి అందులోనే రాస్తున్నారు. మూడు నెలల పిల్ల ఎంతసేపని ఆపుకుంటుంది? దెబ్బ తింటే అది నేర్చుకునేది ఒకటే: మన కంటపడకుండా సోఫా వెనక పోయడం.

మా కుక్కపిల్ల చిన్నిని నిద్ర లేవగానే, తిండి తినగానే, ఆట ఆగగానే కింద వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. పని కానిచ్చి అది ఇటు తిరిగేలోపే ఉడికించిన కోడిమాంసం, చిటికెన వేలి గోరంత ముక్క, నోటికి అందించాలి. ఇంటికొచ్చాక పెడితే దేనికి పెట్టామో దానికి తెలియదు. ఇంట్లో పోస్తే మాట్లాడకుండా వాసన పోయేలా తుడిచేయడమే.

జంతువును కొట్టి హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు. ఆ అంకెను పార్లమెంటు ఎప్పుడో సవరించాల్సింది.