ప్రేక్షకులు వేదిక ఎక్కితే

నాటకం అనగానే ఎత్తయిన వేదిక, దాని మీద నటులు, కింద ప్రేక్షకులు మనకు గుర్తుకు వస్తారు. పైన ఉన్నవారు మాట్లాడతారు, కింద ఉన్నవారు వింటారు. ఈ ఏర్పాటును మార్చిన నాటక ప్రక్రియ ఒకటి ఉంది. దాని పేరు ఫోరమ్ థియేటర్. ఇందులో కథ ఒకచోట ఆగుతుంది. తరువాత ఏం చేయాలో ప్రేక్షకులే వచ్చి, అప్పటికప్పుడు నటించి చూపిస్తారు. సమాజంలో మార్పు కోరేవారికి ప్రచార నాటకం కంటె ఇది మంచి సాధనమని నా అభిప్రాయం.

ఈ ప్రక్రియను రూపొందించినవాడు బ్రెజిల్ దేశపు నాటకకర్త ఆగస్టో బోల్ (1931–2009). 1971లో సైనిక ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. విడుదలయ్యాక ఆయన దేశం విడిచి వెళ్లాడు. 1973లో పెరూలో వయోజన అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. అక్కడి అనుభవం ఒకటి ఆయన రచనలలో ఉంది. చదువురాని ఒక స్త్రీకి భర్త కొన్ని కాగితాలు దాచమని ఇచ్చాడు. అవి రసీదులని ఆమె నమ్మింది. ఒకరిచేత చదివిస్తే, మరొక స్త్రీ రాసిన ప్రేమలేఖలని తేలింది. ఈ కథ ఆడి, ఇప్పుడామె ఏం చేయాలని నటులు అడిగారు. ప్రేక్షకులలో ఒకామె సలహా చెప్పింది. నటులు ఎంత ప్రయత్నించినా ఆమెకు తృప్తి కలగలేదు. చివరకు ఆమే వేదిక ఎక్కి చేసి చూపించింది. మన తరఫున ఇతరులు మాట్లాడితే మన మాట ఎంతో కొంత మారిపోతుందని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో ఈ పద్ధతిని చేపట్టిన సంస్థ జన సంస్కృతి. దీనిని సంజయ్ గంగూలీ 1985లో పశ్చిమ బెంగాల్‌లోని సుందర్బన్స్ ప్రాంతంలో ప్రారంభించారు. వరకట్నం, ఇంట్లో హింస వంటి విషయాల మీద ఈ సంస్థ నాటకాలు ఆడింది.

ప్రదర్శన ఎలా సాగుతుందో ఒక ఊహించిన ఉదాహరణతో చూద్దాం. ఒక కూలీకి మేస్త్రి సగం కూలే ఇస్తాడు. ఆమె ఏమీ అనలేక వెళ్లిపోతుంది. నాటకం అక్కడితో అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి ప్రేక్షకులలో ఎవరైనా 'ఆపండి' అని వచ్చి, కూలీ పాత్ర తీసుకోవచ్చు. మేస్త్రి పాత్రధారి మాత్రం సులభంగా లొంగడు. బెదిరిస్తాడు, రేపటి నుంచి పనిలేదంటాడు. ఒకరు ఒంటరిగా వాదించి ఓడిపోతారు. మరొకరు తోటి కూలీలను కూడగట్టి వస్తారు. ఏది పనిచేస్తుందో అందరూ కళ్లారా చూస్తారు.

"వేదిక మీద గెలిస్తే ఊరిలో గెలిచినట్లా?" అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. నాటకంలో భర్తను ఎదిరించిన స్త్రీ రాత్రికి అదే ఇంటికి వెళ్లాలి. అందువల్ల నాటకం తరువాత తోడు నిలిచే సంఘం ఉండాలి. అది లేకుండా ఆడి వెళ్లిపోవడం బాధ్యతారాహిత్యం. అయితే నాటకం ఒక సాధన. భయపడే మాటను నలుగురిలో ఒకసారి అన్నవారికి రెండోసారి అనడం తేలిక. బోల్ 1993 నుంచి 1996 వరకు రియో నగరపాలక సభ్యుడిగా ఉండి, ఇటువంటి నాటకాలలో ప్రజలు చేసిన సూచనల ఆధారంగా 13 చట్టాలు తేగలిగాడు.

మన నెల్లూరు జిల్లా అనుభవమూ ఇటువంటిదే. 1990లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. దూబగుంట స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథను తమ ఊరికి అన్వయించి చర్చించుకున్నారు, సారా అమ్మకాన్ని ఆపించారు. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అది ఫోరమ్ థియేటర్ కాదు. కాని కథ ముగిసిన చోట వారి చర్చ మొదలైంది. ముఖ్యమైనది అదే.

సందేశం వినిపించి వెళ్లే నాటకం మనలను శ్రోతలుగానే ఉంచుతుంది. ప్రశ్న వేసి ఆగే నాటకం మనకు మాట ఇస్తుంది. మీ ఊరిలో నాటకం ఆడవలసి వస్తే, ఏ సమస్య దగ్గర కథను ఆపుతారో ఆలోచించండి.