వేలిముద్ర కలియనంతనే మనిషి పరుడగునా?

ల్యాప్‌టాప్ మూత తెరచి, మీటల ప్రక్కనున్న చిన్న ఫలకముపై వేలు మోపినంతనే యంత్రము తన యజమానిని గుర్తించి పనికి సిద్ధమగుట నేడు విద్యార్థులకును ఉద్యోగులకును నిత్యకృత్యమైనది. 2004లో ఐబీఎం వారి థింక్‌ప్యాడ్‌లో కనిపించి, 2015లో విండోస్ 10తో వచ్చిన ‘విండోస్ హలో’ మూలమున విరివిగా వ్యాపించిన ఈ సౌకర్యము, సవ్యముగా నడచినంత కాలము మన దృష్టికే రాదు. నిన్న అంగీకరించిన వేలినే నేడు కాదన్నప్పుడు మాత్రము మనము తొట్రుపడుదుము. వేలిని మరింత గట్టిగా అదిమి చూచువారు కొందరు. సెన్సరు చెడిపోయినదని నిశ్చయించుకొని మరమ్మతు దుకాణమునకు పరుగెత్తువారు మరికొందరు. ఈ రెండు చర్యలకును మూలము ఒక్కటే: యంత్రము పలికిన నిరాకరణమును తుది తీర్పుగా భావించుట. నిజమునకు అది ఒక అంచనా. అంచనా తప్పినప్పుడు కారణమును క్రమముగా వెదకవలెను. వెదకునంతవరకు మనిషి పని ఆగకుండ మరొక మార్గము సిద్ధముగా ఉండవలెను. ఈ రెండు సూత్రములును ల్యాప్‌టాప్‌నకు ఎంత అవసరమో, వేలిముద్రపై ఆధారపడిన ప్రజావ్యవస్థలకు అంతకంటె ఎక్కువ అవసరమని నా దృఢవిశ్వాసము.

నేటి ల్యాప్‌టాప్‌లలో అధికభాగము విద్యుత్ ధారణలోని భేదమును కొలుచు సెన్సర్లతో వచ్చుచున్నవి. వేలికొసన గల సన్నని గట్లు ఫలకమును తాకును. వాటి నడుమనున్న చాళ్లలో గాలి నిలుచును. ఫలకము క్రింద ఒత్తుగా పరచిన సూక్ష్మమైన గళ్లు ఈ తేడాను కొలిచి ఒక చిత్రమును కూర్చగా, యంత్రము ఆ చిత్రములోని విశిష్టలక్షణములను సంఖ్యారూపమున భద్రపరచుకొనును. ఈ పద్ధతి తెలిసినచో నిరాకరణకు గల కారణములు వాటంతట అవియే బోధపడును. చేయి మరీ పొడిబారినచో గట్లు ఫలకమునకు సరిగా అంటక, గీతలు తెగినట్లు కనబడును. చెమటయో నీరో ఉన్నచో చాళ్లు సైతము నిండిపోయి, గట్టుకును చాలుకును భేదము నశించును. గట్టిగా అదిమినచో చర్మము నలిగి, గట్లు ఒండొంటితో కలిసిపోయి, చిత్రము మరింత చెడును. కావున వేలిని తుడిచి, ఫలకమును మెత్తని పొడిగుడ్డతో శుభ్రపరచి, నమోదు చేసినప్పటివలెనే తేలికగా మోపుట ప్రథమచికిత్స.

అంతటితో సరికానప్పుడు లక్షణమును బట్టి కారణమును నిర్ణయించవలెను. సెన్సరు వేలిని చూచియు కాదనుచున్నదా, లేక వేలు మోపిన సంగతినే గ్రహించుట లేదా అన్నది మొదటి ప్రశ్న. చూచి కాదనుచున్నచో దోషము సాధారణముగా వేలిలోనో, పాత నమోదులోనో ఉండును. విండోస్ సెట్టింగులలోని సైన్-ఇన్ ఆప్షన్స్‌లోనికి పోయి పాత ముద్రను తొలగించి, వేలికొసను మధ్యభాగమే గాక అంచులు సైతము తగులునట్లు పలుమార్లు మోపి, క్రొత్తగా నమోదు చేయవలెను. రెండవ చేతి వ్రేలిని గూడ చేర్చుట మరింత మేలు. అసలు స్పందనయే లేనిచో, డివైస్ మేనేజరులో బయోమెట్రిక్ పరికరముల జాబితాలో సెన్సరు కనబడుచున్నదో లేదో పరిశీలించవలెను. కనబడనిచో బయాస్‌లో దానిని ఆపివేసి యున్నారేమో చూచి, తయారీదారుని డ్రైవరును మరల స్థాపించవలెను. యంత్రము నిద్ర నుండి లేచిన పిమ్మట మాత్రమే మొరాయించినచో, విద్యుత్తును ఆదా చేయుటకై సెన్సరును ఆపివేయు ఏర్పాటు అందుకు కారణమై యుండవచ్చును. దానిని రద్దు చేయవలెను. లినక్స్ వాడువారు తమ సెన్సరునకు వేలిముద్రల లైబ్రరీయైన లిబ్‌ఎఫ్‌ప్రింట్‌లో తోడ్పాటు కలదో లేదో ముందుగా తెలిసికొనవలెను, ఏలయన డ్రైవరే లేని సెన్సరుతో ఎంత పెనగులాడినను ఫలితముండదు. ఇవన్నియు చూచిన పిమ్మటనే భాగమును మార్చు ఆలోచన చేయుట వివేకము.

అయితే ఎంత జాగ్రత్త వహించినను, ఈ విద్యలో ఒక అనివార్యమైన అనిశ్చయము మిగిలియే యుండును. ఏ రెండు స్పర్శలును అచ్చముగా ఒకటి కావు గనుక, యంత్రము పోలికను లెక్కించి, అది ఒక నియతమైన హద్దును దాటినచో అవునని, దాటనిచో కాదని పలుకును. హద్దును పెంచినచో యజమానియే తరచుగా వెలుపల నిలువవలసి వచ్చును. తగ్గించినచో పరులు లోపలికి వచ్చు ప్రమాదము పెరుగును. రెండు దోషములను ఒక్కసారిగా నిర్మూలింపగల హద్దు లేదు. యంత్రము చెప్పు ‘అవును’ సైతము తిరుగులేనిది కాదని 2023 నవంబరులో వెల్లడియైనది: బ్లాక్‌వింగ్ ఇంటెలిజెన్స్ పరిశోధకులు డెల్, లెనోవో, మైక్రోసాఫ్ట్ సంస్థల మూడు యంత్రములలో విండోస్ హలో వేలిముద్ర తనిఖీని దాటి చూపిరి.

ఈ అనిశ్చయమును ల్యాప్‌టాప్ నిర్మాతలు ఎరుగుదురు. అందుచేతనే పిన్ ఏర్పరచనిదే విండోస్ హలో వేలిముద్రను నమోదు చేయనీయదు. ఆపిల్ మాక్‌లలో ఐదుమార్లు వేలు విఫలమైనచో పాస్‌వర్డు అడుగును. యంత్రమును మరల ప్రారంభించినప్పుడు సైతము అంతే. వేలు విఫలమైననాడు యజమాని తన యంత్రమునకు దూరము కారాదన్న వివేకము ఆ నిర్మాణములోనే ఇమిడియున్నది. కొన్ని గంటల పని ఆగిపోవుటకే ఇంత ముందుచూపు వహించినప్పుడు, వేలిముద్ర కలియనందున నెలకు సరిపడు రేషను బియ్యము ఆగిపోవు చోట మరెంత ముందుచూపు వహించవలెను?

వేలిముద్రకును, పింఛను వంటి ప్రభుత్వపు చెల్లింపులకును గల సంబంధము క్రొత్తది కాదు. 1877లో వంగదేశమున హుగ్లీలో మేజిస్ట్రేటుగా నున్న విలియం హెర్షెల్, చనిపోయిన వారి పేర పరులు పింఛను తీసికొనకుండుటకై పింఛనుదారుల వేలిముద్రలను తీయించెను. 1897లో కలకత్తాలో నెలకొన్న వేలిముద్రల కార్యాలయములో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇరువురు భారతీయుల కృషిచేత వాటి వర్గీకరణశాస్త్రము పెంపొందినది. అయితే ఆనాడు ముద్రను పోల్చి చూచినది మనిషి. సందేహము కలిగినచో మరల ముద్ర తీయించి చూచుటకు అతనికి వీలు కలదు. నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలోను చౌకధరల దుకాణములోని ఈ-పాస్ యంత్రము క్షణములో ఫలితమును చెప్పును. కాదన్న ఫలితమునకు హేతువు మాత్రము వరుసలో నిలిచిన ముదుసలికి తెలియదు.

ఆ ముదుసలి చేతులు ఎవరివి? నాట్లు వేసి, కలుపు తీసి, సిమెంటు కలిపి, బీడీలు చుట్టి అరిగిన చేతులవి. గట్లకు మూలము చర్మపు లోపలి పొరలలో నుండుటచేత, పైపొర అరిగినను విశ్రాంతి లభించినచో ముద్ర తిరిగి ఏర్పడును. రెక్కాడినగాని డొక్కాడని వారికి ఆ విశ్రాంతి ఎక్కడిది? వార్ధక్యమున చర్మము పలుచబడి ముడుతలు పడును. కాపెసిటబీన్ అను క్యాన్సరు ఔషధము సేవించు కొందరికి వేలిముద్రలు మాసిపోవుట వైద్యులు గమనించిన సంగతి. అనగా, ఎక్కువ కష్టపడినవారును, వృద్ధులును, రోగులును యంత్రముచేత ఎక్కువగా నిరాకరింపబడుదురు. ప్రభుత్వసహాయము ముందుగా అందవలసినదియు వారికే.

2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో వెలువరించిన తీర్పునందు సుప్రీంకోర్టు, ముద్ర కలియలేదన్న కారణమున అర్హులకు ప్రయోజనము నిరాకరింపబడరాదన్న విషయమును గట్టిగా ప్రస్తావించినది. ఆ మాట ప్రతి దుకాణములోను ఆచరణగా మారవలెను. వేలు విఫలమైనచో కనుపాప, అదియు విఫలమైనచో ఫోనునకు వచ్చు ఓటీపీ, ఫోను లేనివారికి గ్రామ, వార్డు ఉద్యోగి ధ్రువీకరణతో రిజిస్టరులో సంతకము—ఈ క్రమము గోడపై తెలుగులో వ్రాసి యుండవలెను. ఆ విధముగా సరుకులిచ్చిన డీలరును అనుమానించి వేధింపరాదు. ఏ దుకాణములో ఎందరి వేళ్లు విఫలమైనవో ప్రతి నెలయు ప్రకటించి, వైఫల్యములు హెచ్చుగా నున్నచోట యంత్రమును, నెట్‌వర్కును, పాత నమోదులను పరీక్షింపవలెను. తాను తానేయని నిరూపించుకొను భారము వరుసలో నిలిచిన పేదవానిపై మోపరాదు. అతడు కాడని నిరూపించు బాధ్యత కాదన్న వ్యవస్థదే కావలెను. అంతవరకు అతని బియ్యము అతనికి ఆనాడే అందవలెను.