ఎండ తగ్గాక సోలార్ ఫౌంటెన్ సంగతి ఏమిటి?



ఇటీవల ఇంటి తోటలలోనూ, మేడలపైన కుండీల నడుమనూ సౌరశక్తితో నడిచే చిన్న ఫౌంటెన్లు విరివిగా కనిపిస్తున్నాయి. వైరు లాగనక్కరలేదు, కరెంటు బిల్లు రాదు. ఎండ పడితే చాలు, నీరు తనంతట తానే చిమ్ముతుంది, పిట్టలు వచ్చి వాలుతాయి. ఒక వైద్యునిగా నాకు నచ్చిన గుణం మరొకటి ఉంది. తడి నేల మీదుగా 230 వోల్టుల తీగ లాగి నీళ్లలో మోటారు ముంచడం కంటే, ఆరు లేదా పన్నెండు వోల్టులతో నడిచే ఈ సోలార్ మోటారు ఎంతో సురక్షితం. వానకాలంలో తోటలో కరెంటు షాకు తగిలిన వారిని చూసిన వాడెవడూ ఈ మేలును చిన్నదనడు.

అయితే వీటి గురించి ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. కదిలే నీటిలో దోమ గుడ్లు పెట్టదు కాబట్టి, ఫౌంటెన్ ఉన్న చోట దోమల బెడద ఉండదని చాలామంది నిశ్చింతగా ఉంటున్నారు. ఇందులో సగమే సత్యం. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: బ్యాటరీ లేని సోలార్ ఫౌంటెన్‌ను ఫౌంటెన్‌గా కాక, మూత లేని నీళ్లతొట్టిగానే చూడాలి.

ఎందుకో గమనించండి. బ్యాటరీ లేని మోటారు సోలార్ పలకపై నేరుగా ఎండ పడినంత సేపే తిరుగుతుంది. ఒక మబ్బు అడ్డం వస్తే ఆగిపోతుంది. ఎండాకాలంలో సైతం బాగా పనిచేసేది ఆరేడు గంటలు. తక్కిన పదిహేడు గంటలూ ఆ నీరు నిలవ నీరే. ఇక ముసురు పట్టిన శ్రావణ మాసంలో రోజుల తరబడి చుక్క చిమ్మదు. డెంగీని, చికున్‌గున్యాను మోసే ఏడిస్ ఈజిప్టై దోమకు అనువైన కాలం సరిగ్గా అదే. అది పగటి పూట కుట్టే దోమ. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం పొద్దు వాలే వేళ దానికి చురుకు ఎక్కువ. గుడ్లు పెట్టేది కూడా ఎక్కువగా సాయంత్రం వేళలలోనే. అంటే మీ ఫౌంటెన్ సద్దుమణిగే వేళకు అది పనిలోకి దిగుతుంది.

పైగా నడుస్తున్న వేళలో కూడా నీరంతా కదలదు. నీటిపై తేలే చిన్న పలకల ఫౌంటెన్లు ఒకటి రెండు వాట్లవి. తొట్టి నడుమ నీరు చిందినా, అంచుల దగ్గర అలజడి ఉండదు. లార్వాలకు ఆ మూల చాలు. మూడు అంతస్తుల పళ్లెంలాంటి అలంకార ఫౌంటెన్లు మరీ ప్రమాదకరం. మోటారు ఆగినప్పుడు పై పళ్లేలలో నీరు అలాగే నిలిచిపోతుంది. కింది తొట్టిని శ్రద్ధగా కడిగేవారు కూడా పై పళ్లెంలోకి తొంగి చూడరు.

ఏడిస్ దోమ గుడ్లను నీటిలో వేయదు. నీటి మట్టానికి కాస్త పైన, తడిసి ఉన్న గోడకు అతికిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి జీవం కోల్పోవు. నీటి మట్టం పెరిగి అవి మునిగినప్పుడు పొదుగుతాయి. ఇక్కడే మన అలవాటు మనకే ఎదురు తిరుగుతుంది. ఎండకు నీరు ఇగిరిపోయిందని రోజూ ఒక చెంబెడు పోస్తూ పోతాం. తొట్టిని రుద్దకుండా నీరు మాత్రం పోయడమంటే, గోడకు అతుక్కున్న గుడ్లను పనిగట్టుకుని మేల్కొలపడమే. పొదిగినది మొదలు రెక్కలు వచ్చి ఎగిరేదాకా మన వాతావరణంలో వారం పది రోజులు పడుతుంది. మన రెండు రాష్ట్రాలలోనూ ఆరోగ్య శాఖ వారు శుక్రవారం డ్రై డే పాటించమని చెప్పడంలోని తర్కం ఇదే. వారానికొకసారి నీరు పారబోస్తే, ఏ లార్వాకూ దోమగా మారే వ్యవధి దొరకదు. నీరు పారబోయడం ఒక్కటే చాలదు. కొబ్బరి పీచుతోనో, గట్టి బ్రష్షుతోనో తొట్టి లోపలి గోడలను, ముఖ్యంగా నీటి గీత పైభాగాన్ని, గట్టిగా రుద్ది, బోర్లించి, ఎండలో ఆరనివ్వాలి.

మలేరియా సంగతి కూడా మరువరాదు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ గుర్తించినది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. పట్టణాలలో ఆ జబ్బును మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమ మురుగును కోరదు. దానికి కావలసినది శుభ్రమైన నీరు: మేడ మీది ట్యాంకులు, బావులు, అలంకార ఫౌంటెన్లు. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అన్న ధీమాకు అర్థం లేదని చెప్పడానికే ఈ మాట.

ఇక అమర్చుకునే విధానం. కొనేటప్పుడు చూడవలసినది చిమ్మే ఎత్తు కాదు, బ్యాటరీ. సూర్యాస్తమయం తరువాత కూడా కొన్ని గంటలు నడిచేదాన్ని ఎన్నుకోండి. అప్పుడు కూడా రాత్రంతా నడవదు కనుక వారపు శుభ్రత తప్పదు, ప్రమాదం మాత్రం తగ్గుతుంది. పలక, తొట్టి విడివిడిగా ఉన్నవి మేలు. పలకను దక్షిణ దిక్కుకు, పదిహేను ఇరవై డిగ్రీల వాలులో, నీడ పడని చోట నిలపవచ్చు. తొట్టిని చెట్టునీడలో పెట్టవచ్చు. నీడలో నీరు తక్కువ ఇగురుతుంది, పాచి కూడా నెమ్మదిగా పడుతుంది. స్థలం ఉన్నవారికి నేను చెప్పేది మరొక పద్ధతి. నీటి తొట్టిని నేలలో దించి, దానిపై దోమ దూరలేని సన్నని జాలీ బిగించి, పైన గులకరాళ్లు పరవండి. నీరు రాళ్ల మీదుగా జారి లోపలికి ఇంకిపోతుంది. మోటారు ఆగినా పైన నిలవ నీరు ఉండదు. రాళ్లు మాత్రమే వేసి జాలీ మానేస్తే ప్రయోజనం శూన్యం. ఆ సందుల్లోంచి దోమ హాయిగా దిగుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ పద్ధతికి ఇంకొక కారణం కూడా ఉంది. తప్పటడుగులు వేసే బిడ్డ మునగడానికి జానెడు నీరు కూడా అక్కరలేదు.

నిర్వహణలో మోటారుకు ప్రధాన శత్రువు మన బోరు నీరు. అందులోని సున్నపు లవణాలు చిమ్ముడు రంధ్రాలను, మోటారు లోపలి రెక్కలను పొరగట్టి మూసేస్తాయి. నెలకొకసారి మోటారు విప్పి, నిమ్మరసం గాని వెనిగర్ గాని కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. పట్టి ఉంచిన వాననీరు వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. పలక మీది దుమ్మును, పిట్టల రెట్టలను తడిగుడ్డతో తుడవండి. నీరు లేకుండా మోటారు తిరిగితే కాలిపోతుంది. వేసవిలో మట్టం చూస్తూ ఉండాలి.

లార్వాలు కనిపించాయని కిరోసినో, ఫినాయిలో పోసేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నీటినే పిట్టలు తాగుతాయి. గంబూసియా చేపలు వేయమనే సలహా కూడా చిన్న తొట్టికి వర్తించదు. మే నెల వేడికి అవి బతకవు. పైగా అవి ఈ నేలవి కావు, చెరువుల్లోకి చేరితే మన చేపలకు చేటు. పీచు, మోచేతి బలం కంటే గొప్ప మందు ఇందుకు లేదు.

గోరువెచ్చని నిలవ నీటిలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరగగలదు. అలంకార ఫౌంటెన్ల తుంపర ద్వారా అది ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా కలిగించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆరుబయట చిన్న ఫౌంటెన్‌తో ఆ భయం స్వల్పమే. అయినా వృద్ధులు, పొగతాగేవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు కూర్చునే చోట, ఇంటి లోపల, పాచిపట్టిన ఫౌంటెన్‌ను నడపవద్దు.

ఏడిస్ దోమ పుట్టిన చోటికి మహా అయితే కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది. కనుక మీ తొట్టిలో పుట్టినది మీ మనవడినో, ప్రహరీ అవతలి బాలింతనో కుడుతుంది. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా తీవ్ర జ్వరం, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లు విరిచేసే నొప్పులు వస్తే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ జోలికి పోకుండా, పారాసిటమాల్ మాత్రమే తగిన మోతాదులో వాడి వైద్యుని కలవండి. జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే డెంగీలో కీలకం. అప్పుడు విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లడంలో గంట కూడా ఆలస్యం పనికిరాదు.

వారానికి అరగంట కేటాయించలేని వారు ఫౌంటెన్ పెట్టకపోవడమే మంచిదని నా స్థిరాభిప్రాయం. పిట్టల కోసమే అయితే వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, ప్రతి ఉదయం తోమి మార్చండి, వాటికి అది చాలు. ఫౌంటెన్ ఉన్నవారు పండుగకో, పిల్లల దగ్గరకో నాలుగు రోజులు ఊరు వెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేసినట్టే దీన్ని కూడా చూసుకోండి. నీరు పూర్తిగా వంచి, గోడలు రుద్ది, మోటారు తీసి, తొట్టి బోర్లించి వెళ్లండి. తిరిగి వచ్చాక నీళ్లు పోసే ముందు మరొక్కసారి రుద్దండి.